పునర్గానమువలన పాట చెడునా? మంచిర్యాల బొగ్గుగనుల సీమనుండి ఒక పరిశీలనము

చిరకాలముగ వినుచువచ్చిన పాట యొకటి వేరొక గొంతున, వేరొక వాద్యసమ్మేళనముతో వినవచ్చినపుడు “పాటను పాడుచేసినారు” అను మాట ఎవరో ఒకరి నోట వెలువడుట అందరికిని అనుభవమే. ఈ మాటలో తెలుగువానికి మాత్రమే తోచు చమత్కారమొకటి కలదు. పాడుట గానము, పాడుచేయుట నాశనము. రూపమొకటే యైనను ఈ రెండు పాడులును ఒక ధాతువునుండి వచ్చినవి కావు. గానార్థకమైన పాడు తమిళమునందును డకారముతోనే యున్నది. నాశనార్థకమైన పాడునకు తమిళమున సమానరూపము పాఴ్. ప్రాచీనమైన ఴకారము తెలుగున డకారమగుట ఏడు, కోడి మున్నగు మాటలందు మనమెరిగినదే. భాషాచరిత్రలో ఈ రెండు మాటలును యాదృచ్ఛికముగ ఒక రూపమున కలిసినవి. శ్రోతలు మాత్రము వానిని బుద్ధిపూర్వకముగనే కలుపుచున్నారు. క్రొత్తగ పాడుట యెల్ల పాడుచేయుటయే యని వారి తీర్పు. ఆ తీర్పు ఎంతవరకు నిలుచునో విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఒకరు పాడి ప్రసిద్ధమొనర్చిన పాటను మరియొకరు తిరిగి పాడి ధ్వనిముద్రణ చేయుటను నేడు కవర్ సాంగ్ అనుచున్నారు. బాణిని నిలిపి నడకను, వాద్యములను మార్చినచో రీమిక్స్ అనుచున్నారు. రెండును వ్యాపారమునుండి వచ్చిన మాటలు. ఈ రెంటిని, వీనికంటె ఎంతో ప్రాచీనమైన నోటి పరంపరను కలుపుకొని పునర్గానము అను మాటను ఇందు వాడుచున్నాము.

ముందుగ చెడుట యనగానేమో తేల్చుకొనవలయును. విగ్రహమునకు చేయి విరిగినచో అది చెడినది. ఆ విరుగుడు కంటికి కనబడును. తాళపత్రమును పురుగు తిన్నచో గ్రంథము చెడినది. పాటకు అట్టి దేహము లేదు. పాత ధ్వనిముద్రణము బీరువాలో చెక్కుచెదరక యుండగనే పాట చెడినదని శ్రోత వాపోవుచున్నాడు. కనుక చెడినది ముద్రణము కాదు, శ్రోత చెవిలో నిలిచిన జ్ఞాపకము. పాత పాట వినబోవునపుడు క్రొత్త పాట దరువు మనసున మ్రోగి అడ్డువచ్చుచున్నదని అతని మొర. దీనిని కేవలము వృద్ధుల చాదస్తమని కొట్టివేయరాదు. పాటకు ఉనికి వినువాని జ్ఞాపకమునందే యైనచో, అచ్చట తగిలిన దెబ్బ పాటకు తగిలినట్లే కదా.

అయినను ఈ మొరలో ఒక ప్రతిజ్ఞ దాగియున్నది. మొదటి పాట యొకటి కలదు, అదియే అసలు, తక్కినవన్నియు దాని ఛాయలు అనునది ఆ ప్రతిజ్ఞ. సాహిత్యశాఖలలో పనిచేయు మనకు ఇది పరిచితమైన తలంపే. గ్రంథపరిష్కర్త పలు ప్రతులను చేర్చి, పాఠభేదములను తూచి, కవి వ్రాసిన పాఠమిదియని నిర్ణయింప యత్నించును. వ్రాతకావ్యమున ఇది సాధ్యము. కవి గంటము పట్టి వ్రాసినది ఒక్కటియే. నోటి సాహిత్యమునకు వచ్చునప్పటికి ఈ పద్ధతి తడబడును. బ్రౌను దొర వేమన పద్యములను 1829లో నొకమారు, 1839లో మరింత విస్తరించి మరియొకమారు ప్రకటించెను. అతడు సేకరించిన ప్రతులలో ఒకే పద్యము పలు రూపముల కనబడెను. అందు వేమన నోటినుండి వచ్చిన రూపమేదియో చెప్పగలవారు నాడును లేరు, నేడును లేరు. అంతమాత్రమున వేమన పద్యము చెడినదని ఎవరును అనలేదు.

పాశ్చాత్యులలో మిల్మన్ పారీ, ఆతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ యుగొస్లావియా గాయకుల వీరగాథలను సేకరించిరి. ఆ కృషి ఫలితముగ లార్డ్ 1960లో ప్రకటించిన గ్రంథమున ఒక మాట స్పష్టముగ చెప్పబడినది. నోటి పాటకు మూలప్రతి యనునది లేదు, పాడిన ప్రతిమారు పాడినదే మూలము అని దాని సారము. అంతకు పూర్వమే 1907లో సెసిల్ షార్ప్ ఆంగ్ల జానపద గేయములను గూర్చి వ్రాయుచు, అవిచ్ఛిన్నత, భేదము, జనుల యెంపిక అను మూడును కలిసియే జానపద గేయమును తయారుచేయునని సూత్రీకరించెను. మన దేశమున బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధన చేసి గ్రంథము వెలువరించిన నాటినుండి ఈ విషయము మన విశ్వవిద్యాలయములకును కొత్త కాదు. తరగతిలో దీనిని బోధించి, ఇంటికి పోయి రేడియోలో కొత్త గొంతు వినగనే ముఖము చిట్లించు ఆచార్యులును కలరు. ఆ చిట్లింపునకును కారణమేమో వెదకవలసియున్నది.

శిష్టసంగీతమున చూచిన ఈ విషయము మరింత విస్మయకరముగ నుండును. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున రాగిరేకులపై శతాబ్దములు నిదురించి, 1922 ప్రాంతమున తిరిగి వెలుగు చూచినవి. రేకులపై సాహిత్యము కలదు, కీర్తన తలపై రాగము పేరు కలదు, స్వరము లేదు. అన్నమయ్య వానినెట్లు పాడెనో తెలుపు సాధనమేదియు మిగులలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్నింటికి స్వరరచన చేసిరి. తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగువారు మరికొన్నింటికి బాణీలు కట్టిరి. రేకుపై నున్న రాగమును పాటించిన బాణీలును కలవు, దానిని విడిచి వేరొక రాగమున కట్టినవియు కలవు. నేడు ఇంటింట వినబడు అన్నమయ్య పాట అంతయు ఇరువదవ శతాబ్దపు పునర్గానమే. దానిని తొలిగానమని భ్రమించి, దానిపై వచ్చిన సినిమా బాణిని చూచి “అన్నమయ్యను చెరచినారు” అనువారు, ఐదువందల ఏండ్ల క్రిందటి పాటను కాక, తమ బాల్యమున విన్న పాటను రక్షించుకొనుచున్నారని గ్రహింపవలయును. త్యాగరాజ కీర్తనల విషయమున ఉమయాల్పురము, తిల్లస్థానము, వాలాజపేట శిష్యపరంపరలు మూడును మూడు తీరుల పాడుచు వచ్చినవి. విద్వాంసులు దానిని పాఠాంతరమని గౌరవించిరేకాని ఏ ఒక్కదానిని కవరు పాట యనలేదు.

రంగస్థలమున సంగతి వేరు. పాండవోద్యోగవిజయముల పద్యములు నాటకము చూడవచ్చినవారిలో సగముమందికి కంఠస్థములే. పీసపాటివారు ఎట్లు ఎత్తుకొందురో, షణ్ముఖివారు ఎచ్చట రాగము సాగదీయుదురో చూచుటకే వారు తెల్లవార్లు కూర్చుండిరి. నచ్చినచో “వన్స్ మోర్” అని కేకలు వేసిరి. ఒకే పద్యమును ఒకే నటుడు ఒకే రాత్రి రెండవమారు వేరొక పోకడను పాడెను. ఆ ప్రేక్షకునికి పునర్గానము దోషము కాదు, తాను టిక్కెట్టు కొన్నదే దానికొరకు.

ఇందుకు సరిగ తలక్రిందులైనది ఘంటసాలవారి విషయము. కరుణశ్రీగారి పుష్పవిలాపము చదువుకొనుటకు వ్రాయబడిన ఖండకావ్యము. ఘంటసాలవారు దానిని పాడి రికార్డు చేసిన పిదప ఆ పద్యములకు వేరొక గొంతు ఊహింపరానిదయ్యెను. పాఠశాలల పద్యపఠన పోటీలలో పిల్లలు కరుణశ్రీ పద్యమును చదువుట లేదు, ఘంటసాల ఆపిన చోట ఆపి, సాగదీసిన చోట సాగదీయుచున్నారు. 1974లో ఆయన మరణించి అర్ధశతాబ్దము గడచినను ఇది మారలేదు. ఆ గానము పరమరమణీయమని మేమును అంగీకరింతుము. కాని పద్యమునకు ఒకే గొంతు మిగులుటయు ఒక విధమగు నష్టమే. పాటను కొత్తది చెరచునని భయపడువారు, ప్రియమైన పాతదియే మిగిలిన గొంతులన్నిటికిని తలుపు మూయుట గమనించుట లేదు.

ఇక మంచిర్యాల సంగతి. గోదావరికి ఉత్తరపుటొడ్డున మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి. దక్షిణపుటొడ్డున గోదావరిఖని, రామగుండము. 1920లో సింగరేణి అను పేరు వహించిన సంస్థ ఆ దశాబ్దము చివర బెల్లంపల్లి ప్రాంతమున గనులు త్రవ్వనారంభించిన నాటినుండి ఈ సీమకు నలుమూలలనుండి జనులు వచ్చి చేరిరి. వచ్చినవారు తమ ఊరి పాటను వెంట తెచ్చుకొనిరి. ఒక వాడకట్టులో కరీంనగరపు యాస, మరియొక వాడకట్టులో ఓరుగల్లు యాస, ఉత్తరమున గోండుల ప్రధానుల కీకిరి. అందుచేత ఒకే పాట పది నోళ్ల పది తీరుల వినబడుట ఇచ్చట ఆదినుండియు సహజము. ఈ సీమ పాటను పరిశీలింపదలచిన విద్యార్థి శుద్ధపాఠమును వెదకికొని పోయినచో మొదటి దినముననే నిరాశుడగును.

ఈ సీమ తెలుగుదేశమున కంతకును ఇచ్చిన పాట “ఊరు మనదిరా”. దాని కర్త గూడ అంజయ్యగారు 1955లో దండేపల్లి మండలమునందలి లింగాపురమున జన్మించి, 2016 జూన్ మాసమున కన్నుమూసిరి. ఆ గ్రామము నేడు మంచిర్యాల జిల్లాలో నున్నది. జిల్లా ఏర్పడినది ఆయన పోయిన కొలది నెలలకు, అదే సంవత్సరము అక్టోబరున. ఈ పాట పెక్కు భారతీయ భాషలలోనికి పోయినది. దాని కట్టడి సులభము. ఒకరు ఒక చరణము అందించిన పదిమంది అందుకొనగలరు. శ్రమ చేయువాని చేతిలోని పనిముట్టును, అతడు నిలిచిన నేలను పేర్కొని, ఇవన్నియు మనవైనప్పుడు నడుమ పెత్తనము చేయువాడెవడని ప్రశ్నించుట దాని నడక. అట్టి నడక గల పాటలో పాడువాడు తన పనిని చేర్చుకొనుట కడు తేలిక. సేద్యగాని నోట నాగలి వచ్చిన చోట బొగ్గుబాయి కార్మికుని నోట తట్ట, చెమ్మసు రాగలవు. ఇట్టి చేర్పును పాటకు జరిగిన అపచారమని తలచుట మాకు సమ్మతము కాదు. పాట ఆ చేర్పునకు చోటు విడిచియే పుట్టినది.

జరిగిన అపచారము వేరు. పాట ఎంత దూరము పోయినదో కవి పేరు అంత వెనుకబడినది. సభలో పాడినవాని పేరు జనులకు తెలియును, క్యాసెట్టుపై అచ్చువేసినవాని పేరు తెలియును; వ్రాసినవాని పేరడిగిన “ప్రజల పాట” అని సమాధానము వచ్చును. ఆ మాట వినుటకు ఉదాత్తముగనే యుండును. బ్రదికియున్న కవి పాటను జానపదమని పేర్కొని సంకలనములకెక్కించుట మాత్రము ఉదాత్తము కాదు. మన పరిశోధన పత్రములలోనే ఈ దోషము తరచుగ కనబడుచున్నది. పునర్గానమువలన చెడునది పాట యని వాదించుకొనుచు, పాటగాడు చెడుట మనము ఉపేక్షించితిమి.

“బండెనక బండి గట్టి” అను పాట చరిత్ర దీనికి తోడుగ చెప్పదగినది. తెలంగాణ సాయుధపోరాట కాలమున యాదగిరి కట్టిన ఈ పాట మూడు దశాబ్దముల పిదప గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావుగారు నిర్మాతలలో నొకరుగ 1979లో రూపొందిన ‘మా భూమి’ చిత్రమున గద్దరు గొంతున, గద్దరు రూపమున తెరకెక్కినది. స్థానిక దొరను పేరెత్తి నిలదీయు పాఠమును, నైజాము సర్కారును నిలదీయు పాఠమును రెండును వ్యాప్తిలో కలవు. సినిమాలో వినబడినది రెండవది; తరువాతి తరములకు మిగిలినది ప్రధానముగ అదియే. ఒక గ్రామపు పగ రాజ్యము పైని పగయైనది. పాటకు విస్తృతి కలిగినది, కాని ఆ గ్రామము పాటనుండి జారిపోయినది. ఇది లాభమా నష్టమా యని మమ్మడిగినచో రెండును అందుము. ఆ పునర్గానమే లేకున్నచో నేటి విద్యార్థి ఈ పాటనే ఎరుగకపోవును. అది యుండుటచే మొదటి పాఠమును వినగోరువాడు దానిని ఏ వృద్ధుని నోటనో వెదకికొనవలసియున్నది. సాయుధపోరాటమును ఎరిగిన వృద్ధులు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే.

సినిమా పాటల రీమిక్సులను గూర్చి మిక్కిలి చెప్పవలసినది లేదు. 1982 నాటి ‘దేవత’ చిత్రమునకు వేటూరివారు వ్రాసి చక్రవర్తిగారు స్వరపరచిన గోదావరి పాట 2019లో ‘గద్దలకొండ గణేష్’ చిత్రమున తిరిగి వచ్చినది. ఆ పాత చిత్రమును చూడని వయసువారు దానిని పాడుకొనిరి, కొందరు వెనుకకు పోయి పాతదానిని వెదకి వినిరి. నచ్చనివారు పాతదానినే వినుచున్నారు. సినిమా పాటకు తిరుగులేని తొలి ముద్రణ మొకటి ఉండుటచే దానికి వచ్చు అపాయము స్వల్పము. అపాయమున్నది ముద్రణ లేని పాటకు.

అట్టి పాట బతుకమ్మ పాట. కథ యొకటే యుండగా పల్లవి మాట మారుచుండుట దీని స్వభావము. ఒకచోట ఉయ్యాలో అని, ఒకచోట కోల్ అని, మరియొకచోట గౌరమ్మ అని వంత వచ్చును. వంత మారిన నడక మారును, నడక మారిన చప్పట్ల లెక్క మారును. పాట ఎత్తుకొను పెద్దమ్మకు కథ తెలియును. తక్కినవారికి వంత చాలును. వంత పాడుచు పాడుచు నాలుగైదేండ్లకు కోడలుపిల్లకు కథయు వచ్చును. ఆపైన ఏదో ఒక సంవత్సరము ఆ పెద్దమ్మ గొంతు పోవగా ఈమె ఎత్తుకొనును. ఇందులో ప్రతి సంవత్సరమును పునర్గానమే. ఎత్తుకొన్నవారి తెలివినిబట్టి కథలో ఒక మలుపు పోవును, ఒక మలుపు చేరును. ఆ సంవత్సరపు కష్టమో సంబరమో ఒక చరణమై నిలుచును. దీనివలన బతుకమ్మ పాట చెడలేదు సరిగదా, దీనివలననే అది బ్రతికినది.

ఇటీవల ప్రతి సంవత్సరము బతుకమ్మకు ముందుగ కొత్త పాటలు ధ్వనిముద్రణ చేసి దృశ్యములతో విడుదల చేయుట ఆచారమైనది. 2021లో ఏ.ఆర్. రహమాన్ సంగీతమున మిట్టపల్లి సురేందర్‌గారు వ్రాసిన పాట వచ్చుట అందరికిని తెలిసినదే. ఈ కొత్త పాటలలో మంచివి కలవు, చెడ్డవి కలవు. ఆ మాటకు వచ్చిన పాతవానిలోను కలవు. వానిపై మాకు ఆక్షేపణ లేదు. మా ఆక్షేపణ డీజే పెట్టెపైన. మైదానపు మూల నిలిపిన ఆ పెట్టె మ్రోగనారంభించినచో ఎత్తుకొను పెద్దమ్మకు పని లేదు. ఆమె గొంతు దానికి చాలదు. స్త్రీలు నోరు మూసికొని చేతులు మాత్రము కలుపుదురు. అప్పుడు పెట్టెలో వచ్చునది కొత్త పాటయైనను, ఎనుబదియేండ్ల నాటి శుద్ధమైన పాత పాటయైనను ఫలితమొకటియే. వంత పాడని పిల్లకు కథ రాదు. కథ రానిచో పదేండ్లకు ఎత్తుకొనువారుండరు. పాటను చెరచునది పునర్గానము కాదని, పునర్గానము ఆగిపోవుటయే యని మేము తలచుట ఇందువలన. మంచిర్యాల చుట్టుపట్ల వాడకట్టులలో ఇంకను కొన్నిచోట్ల పెట్టె లేక ఆడుచున్నారు. ఆ సంఖ్య పెరుగుట లేదు.

ఇందుకు వేరైన సమస్య అందెశ్రీగారి “జయ జయహే తెలంగాణ” గీతమునందు కనబడును. ఉద్యమకాలమున సభలలో, బడులలో, 2011 సకలజనుల సమ్మెనాటి శిబిరములలో ఏ వాద్యము దొరికిన ఆ వాద్యముతో, ఏదియు దొరకనిచో చప్పట్లతో పాడిన పాట ఇది. 2024లో ప్రభుత్వము దీనిని రాష్ట్రగీతముగ స్వీకరించి, ఎం.ఎం. కీరవాణిగారిచే స్వరపరపించి, జూన్ 2వ తేదీన రాష్ట్రావతరణ దశాబ్ది సభలో వినిపించినది. చిన్న పాఠమొకటి, సంపూర్ణ పాఠమొకటి సిద్ధమైనవి. అప్పుడు చెలరేగిన వాదమును మరల తవ్వుట మా పని కాదు. తెలంగాణ పాటను తెలంగాణ సంగీతకారుడు చేయరాదా యని కొందరు, కవియే యంగీకరించినప్పుడు ఇతరులకేల యని మరికొందరు పలికిరి. గమనింపవలసిన దేమనగా, ఆ వాదమున బాణి బాగోగులను గూర్చిన మాట అత్యల్పము. పాట ఎవరిదను ప్రశ్నయే ముందు నిలిచినది. ప్రియమైన పాటకు కొత్త రూపము వచ్చినపుడెల్ల జరుగునది ఇదే. చెవికి తగిలిన నొప్పి యని మనము చెప్పుకొనునది పలుమార్లు హక్కునకు తగిలిన నొప్పియై యుండును.

ఆ గీతమున పాఠభేదముగ చూడదగిన చిన్న విషయమొకటి కలదు. పూర్వపాఠమున జిల్లాల సంఖ్య పది యని యుండెను. 2016లో మంచిర్యాల మున్నగు కొత్త జిల్లాలు ఏర్పడి, 2019 నాటికి లెక్క ముప్పదిమూడైనది. నూతన పాఠమున ఆ సంఖ్య లేదు. మంచిర్యాల విద్యార్థికి ఇది ఆసక్తికరము. తన జిల్లా పుట్టుటచేతనే పాటలో ఒక మాట మారినది. మార్పు జరుగునాటికి కవి జీవించియుండెను. 2025 నవంబరులో ఆయన దివంగతులైరి. ఇకపై ఆ పాఠమునందు మార్పు చేయు అధికారము ఎవరికిని మిగులలేదు. జాతీయగీతమునకు రవీంద్రుడు 1919లో మదనపల్లెలో నున్నపుడు మార్గరెట్ కజిన్స్ సాయమున స్వరమును స్థిరపరచెననుట ప్రసిద్ధము. ప్రభుత్వగీతమునకు అట్టి స్థిరత్వము అవసరమే. అందరును ఒక్కమారు లేచి నిలిచి పాడవలసినపుడు ఎవరి పోకడ వారిదైనచో కుదురదు. కాని స్థిరపడిన నాటినుండి ఆ పాట సమ్మె శిబిరమునాటి పాట కాదు. రెండింటిని రెండు రచనలుగ నమోదు చేసికొనుటయే పరిశోధకునికి మేలు.

చట్టమును గూర్చి కొంత. 1957 కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణలో 31సి అను విభాగము చేరినది. దాని ననుసరించి, తొలి ధ్వనిముద్రణ జరిగిన సంవత్సరము ముగిసి ఐదు సంవత్సరములు గడచిన గాని కవరు పాట చేయరాదు. సంవత్సరమునకు కనీసము 50,000 ప్రతులకు రాయల్టీ చెల్లింపవలయును. సాంకేతికముగ తప్పనిదైనగాని, హక్కుదారు సమ్మతించినదైనగాని తప్ప, సాహిత్యమున సంగీతమున మార్పు చేయరాదు. 57వ విభాగము కవికి తన పేరు చెప్పుకొను హక్కును, తన రచనను వికృతపరచి కీర్తికి భంగము కలిగించుటను అడ్డుకొను హక్కును ఇచ్చుచున్నది. చూచుటకు ఇది పాటను చక్కగ కాపాడు కంచెవలె నున్నది. కాని ఈ కంచె తొలి ముద్రణ, హక్కుదారు అను రెండు గుంజలపై నిలిచినది. బతుకమ్మ పాటకు రెండును లేవు. ఉద్యమగీతములలో పెక్కింటికి తొలి ముద్రణ యేదో తేల్చుట కష్టము. కంపెనీకి ఆస్తియైన సినిమా పాటకు చట్టము కావలి కాయుచుండగ, కావలి అక్కరగల పాట కంచెకు వెలుపల నున్నది. దానికి కావలి మన సేకరణ పుస్తకములే.

అందుచే సేకరణ పద్ధతిని గూర్చి ఒకటి రెండు మాటలు చెప్పక తప్పదు. పలువురి నోట విన్న పాఠములనుండి బాగున్న చరణములను ఏరి, అతికి, సంపూర్ణగీతమని అచ్చువేయు అలవాటు మన సంకలనములలో చిరకాలముగ నున్నది. అట్టి గీతమును ఎవ్వరును ఎన్నడును పాడియుండరు. ఏ రీమిక్సుకంటెను అది పెద్ద కల్పన. పాడినవారు మరచిన చరణము మరచినట్లే యుండవలయును. తడబడిన మాట తడబడినట్లే వ్రాయవలయును. తొలి కవి పేరు తెలిసినచో తప్పక వ్రాయవలయును, తెలియనిచో ఎవరినడిగి తెలియలేదో వ్రాయవలయును. పాడినవారు ఆ పాటను అమ్మమ్మవద్ద నేర్చిరో, సభలో నేర్చిరో, సెల్‌ఫోనులో విని నేర్చిరో అడుగుట మరువరాదు. సెల్‌ఫోనులో నేర్చినదని తేలగనే పాటను పక్కకు నెట్టు విద్యార్థులు కలరు. అది సరి కాదు. యంత్రమునుండి నేర్చి, పిదప యంత్రము లేక పదిమందిలో పాడిన పాట తిరిగి నోటి పరంపరలో చేరినదే. అది ఎట్లు చేరినదో, చేరునపుడు ఏమి మారినదో చెప్పగల సాక్ష్యము మనకు ఇప్పుడే దొరకును; మరి యిరువదేండ్లకు దొరకదు.

అన్నిటికంటె ముఖ్యముగ పాట పాడిన చోటును వ్రాసికొనవలయును. ఈ సీమయందు అది కేవలము లాంఛనము కాదు. భూగర్భ గనుల స్థానమున ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన పిదప గోదావరి కిరుప్రక్కల కొన్ని ఊళ్లు ఉన్నచోట లేకుండ పోయినవి. జనులు పునరావాస కాలనీలకు కదలిరి; పొలమున్న చోట మట్టిదిబ్బ లేచినది. అట్టి కాలనీలో నొకరు అంజయ్యగారి పాటను ఒక్క అక్షరమైనను మార్చక, బాణిని ఏమాత్రము కదల్పక పాడినారనుకొందము. పాఠభేదముల పట్టికలో ఆ పాట ఎదుట “భేదము లేదు” అని వ్రాయవలసివచ్చును. కాని ఊరు మనదని పాడుచున్నవానికి చూపుటకు ఊరు లేదు. కోరస్సు అందుకొనువారు ఆ మాట నెట్లు పలికిరి, ఎచ్చట ఆగిరి, ఎవరు అందుకొనక ఊరకుండిరి అనునది పట్టికలో ఇమిడునది కాదు. దానికొరకు పుటకు కుడివైపున వెడల్పైన ఖాళీ విడిచి, తేదీ వేసి, కాలనీ పేరుతోబాటు పోయిన ఊరి పేరును కూడ వ్రాసియుంచుడని మా విద్యార్థులకు చెప్పుచున్నాము.